కోడిగుడ్ల గోడౌన్

మార్చి 4, మంగళవారం. కమ్మింగ్.

నేనేమీ కొనలేదు. ముందు ఆ మాట రాసేస్తే మనసు కుదుటపడుతుంది.

చూడడానికే ఆగాను. హాసిని కరివేపాకు తెమ్మంది. హాసిని నా చెల్లెలి కూతురు. మూడు నెలలు దాని ఇంట్లో విశ్రాంతి తీసుకుంటానని మాటిచ్చి వచ్చాను. నలభై ఏళ్ళు ఇంగ్లండులోని లెస్టర్‌లో రోడ్డుకి ఎడమ పక్కన బండి నడిపినదాన్ని, ఇక్కడ అమెరికాలో, ఈ జార్జియాలో కుడి పక్కన నడపాలంటే ప్రతి మలుపులోనూ దేవుడు గుర్తొస్తున్నాడు. ఆ కంగారులో ఒక మలుపు తప్పిపోయాను. తప్పిపోయిన రోడ్డు చివర, పైన్ చెట్ల మధ్య, పొడుగ్గా, తుప్పు పట్టి, ఎవరికీ అక్కర్లేకుండా ఒక షెడ్డు నిలబడి ఉంది. గోడ మీద వెలిసిపోయిన కోడిపెట్ట బొమ్మ. ముందు అమ్మకానికి అని బోర్డు.

బండి ఆపాను. ఆపితే కొన్నట్టా?

కరివేపాకు మర్చిపోయాను.

మార్చి 5, బుధవారం.

ఈ రోజు అక్కడికి వెళ్ళలేదు. ఆ దారిన పోయాను, అంతే.

మార్చి 8, శనివారం.

లోపల చూశాను. అబ్బ!

బోర్డు మీద ఉన్న బ్రోకరు నంబరుకి ఫోన్ చేస్తే అతని బదులు ఓనరే వచ్చాడు. పేరు హచిన్స్, ఎనభై దాటిన మనిషి. కోడిగుడ్లు నిల్వచేసి చుట్టుపక్కల ఊళ్ళకి పంపే వ్యాపారం చేసేవాడట. నన్ను చూసి, "జాగ్రత్త యంగ్ లేడీ, మెట్టు ఉంది" అన్నాడు. అరవై ఏడేళ్ళు నాకు. ఆ ఒక్క మాటకే అడిగినంత ఇచ్చేద్దామనిపించింది. ఇవ్వలేదు. నేను చూడడానికే వెళ్ళాను.

తలుపు తీయగానే పాత కాంక్రీటు వాసన. మల్లెపూల వాసన అంటే అందరికీ ఇష్టమే, నాకు ఇది ఇష్టం. కప్పు ఎంత ఎత్తు! మధ్యలో స్తంభాలు లేవు. నేల మీద మడమతో కొట్టి చూశాను, గట్టిగా పలికింది. అటువైపు ఆరు, ఇటువైపు ఆరు, గోడలు ఎక్కడ లేపాలో నిలబడిన చోటే కనిపించింది. పన్నెండు షట్టర్లు. ఒక మూల కప్పు కారుతోంది. కారనీ. లెస్టర్‌లో నేను మొదట కొన్న బనియన్ల మిల్లుకి సగం కప్పే లేదు.

కాకినాడ నుంచి డాక్టరు గారి భార్యగా ఇంగ్లండు వెళ్ళి, నాలుగేళ్ళు కిటికీలోంచి వాన చూసి, అయిదో ఏట ఆ మిల్లు కొన్నాను. ఆయన నవ్వారు. "దీంతో ఏం చేస్తావు జయంతీ?" అన్నారు. ముక్కలు చేసి చిన్న చిన్న వాళ్ళకి అద్దెకిస్తానన్నాను. అక్కడి నుంచి మొదలైన పిచ్చి, మధ్య ఇంగ్లండులో నా షెడ్డు లేని ఊరు లేదన్నంత వరకూ పోయింది. నిరుడు మా అబ్బాయి నీల్ కంపెనీ మొత్తం తన చేతిలోకి తీసుకుని, నన్ను గౌరవ అధ్యక్షురాలిని చేశాడు. ఆ కుర్చీలో కూర్చుంటే చేయాల్సిన పనేమీ ఉండదు. కేకు కోయాలి, చప్పట్లు కొట్టించుకోవాలి. ఇక షెడ్లు కొననని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

నీల్‌కి తెలుగు చదవడం రాదు. అందుకే ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను.

మార్చి 11, మంగళవారం.

ఇవాళ హాసిని నన్ను వంటింట్లో నిలదీసింది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఎవరతను?"

"ఎవరే?"

"రోజూ లిప్‌స్టిక్ వేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్తున్నావ్. వచ్చేసరికి చీరంతా దుమ్ము. కూనిరాగాలు తీస్తున్నావ్. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది, నేనేం తప్పుపట్టను. మనిషెవరో చెప్పు చాలు."

"నలభై ఏళ్ళవాడు. బాగా వెడల్పు. నెత్తి కాస్త కారుతుంది" అన్నాను.

దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు, తల పట్టుకుంది. "నీల్ అన్నయ్య నన్ను చంపేస్తాడు" అంది. దాని భర్త సృజన్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తి, "అత్తయ్యగారూ, నాకేం తెలీదు, నేను మీటింగ్‌లో ఉన్నాను" అన్నాడు. మీటింగు లేదు.

హాసినిని చేయి పట్టుకుని దాని గరాజ్‌లోకే లాక్కెళ్ళాను. కార్లు బయట ఎండలో ఉంటాయి. లోపల పెళ్ళిమండపం స్తంభాలు, థర్మోకోల్ ఏనుగులు రెండు, ప్లాస్టిక్ అరటిచెట్లు, పుట్టినరోజు నెమలి. వీకెండ్ వస్తే ఇది ఫంక్షన్లకి డెకరేషన్ చేస్తుంది. ఏనుగు తొండం పక్కింటివాళ్ళకి కనిపిస్తోందని కాలనీ అసోసియేషన్ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి.

"ఇలా ఇంకెంతమంది ఉన్నారే?"

"అందరూ ఇంతే పెద్దమ్మా. విజయశ్రీ బేస్‌మెంట్ నిండా చీరలు. ప్రణవి బేస్‌మెంట్‌లో కూచిపూడి క్లాసు, పైన వాళ్ళాయన కాల్స్‌లో ఉంటే కింద తాండవం. దామోదర్ గారి గరాజ్‌లో గ్రైండర్లు. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీలు, వెట్ గ్రైండర్లు ఇక్కడి కరెంటుకి మార్చి ఇస్తాడు. ఆయన దగ్గర క్యూ ఉంటుంది తెలుసా?"

ఊరంతా గరాజ్‌లలో ఇరుక్కుని ఉంది. పది నిమిషాల దూరంలో ఖాళీ షెడ్డు ఉంది. వీళ్ళిద్దరికీ పెళ్ళి చేయకపోతే నేను బతికి ఏం లాభం?

మార్చి 12, బుధవారం.

హాసిని చెప్పేసింది. నీల్ ఫోన్.

"అమ్మా, నువ్ ప్రామిస్ చేశావ్. నో మోర్ షెడ్స్."

"చూడడానికే వెళ్ళాను రా."

"నువ్ చూడడానికే వెళ్ళి బర్మింగ్‌హామ్‌లో నాలుగు కొన్నావ్."

అరగంట వాదించాం. నా డబ్బంతా కుటుంబ ట్రస్టులో ఉంది, వాడి సంతకం లేకుండా కదలదు. చివరికి వాడు ఒక షరతు పెట్టాడు. పన్నెండు భాగాల్లో ఆరింటికి ఏప్రిల్ మధ్యకల్లా అద్దెదారులు కావాలి. "పేపర్ మీద సైన్, అమ్మా. నోటితో చెప్తే కాదు. సిక్స్ లేకపోతే నువ్ ఇంటికి వస్తావ్, ఇంక షెడ్ అనే మాట ఉండదు. డీల్?"

డీల్ అన్నాను. ఆరేనా! ఆరు నాకు పొద్దున కాఫీతో అయిపోతాయి.

హచిన్స్‌తో మాట్లాడాను. ఇంకొకడెవడో సామాన్లు దాచుకునే గదులు కట్టడానికి అడుగుతున్నాడట. ఏప్రిల్ పద్దెనిమిది వరకూ నాకోసం ఆగుతానన్నాడు. యంగ్ లేడీ అని మళ్ళీ అన్నాడు.

మార్చి 15, శనివారం.

గెలిచేశాను!

హాసిని ఇంట్లో పాట్‌లక్. అందరూ తలా ఒక వంటకం తెచ్చారు. భోజనాలయ్యాక నేను టేబులు మీద కాగితం పరిచి షెడ్డు బొమ్మ గీశాను. విజయశ్రీ నా రెండు చేతులూ పట్టుకుంది. "అయ్యో ఆంటీ, తప్పకుండా! మీలాంటి పెద్దవాళ్ళు ముందుంటే మాకింకేం కావాలి? ఒకటేంటి, రెండు బుక్ చేసేయండి." ప్రణవి "మీరెలా చెప్తే అలా ఆంటీ" అంది. పచ్చళ్ళ ఆవిడ, క్రికెట్ కోచింగ్ ఆయన, ఇత్తడి సామాన్ల దంపతులు, అందరూ సరేనన్నారు. లెక్క వేస్తే పన్నెండు భాగాలకి పద్దెనిమిది మంది తేలారు. ఎవరికి కాదనాలో తెలియక కంగారుపడ్డాను.

ఒక్కడే కాదన్నాడు. ఆ గ్రైండర్ల దామోదర్.

"నాకైతె వద్దు మేడం. హాసిని చెప్తె నిన్న పోయి చూసిన. వానకి నీళ్ళన్నీ ముందటనే ఆగుతయ్. ట్రక్కు తిరిగే జాగ లేదు. మూడు ఫేజుల కరెంటు ఉన్నదా? రూఫ్ ఒక దిక్కు ఉరుస్తుంది. గిదేం షెడ్డు?"

అంతమంది ముందు నా షెడ్డుని పట్టుకుని! ఒళ్ళు మండింది. ఆ మనిషికి పాయసం కూడా వేయాలనిపించలేదు. హాసిని వేసింది.

మార్చి 18, మంగళవారం.

షట్టర్లకి పసుపు రంగు. తలుపులకి ఎరుపు అనుకున్నాను, మరీ గడపలా ఉంటుందని మానేశాను. కోడిపెట్ట బొమ్మ మాత్రం ఉంచాలి, కొత్త రంగు వేయించాలి.

మార్చి 20, గురువారం.

నీలం అయితే?

మార్చి 24, సోమవారం.

పసుపే.

మార్చి 29, శనివారం.

కాగితాలన్నీ సిద్ధం చేశాను. మూడేళ్ళ లీజు, ఇక్కడ అందరూ రాసుకునే పద్ధతిలోనే, లాయరు చేత రాయించాను. టీ పెట్టాను. మిరపకాయ బజ్జీలు వేయించాను. హాసిని డైనింగ్ టేబుల్ మీద పద్దెనిమిది పెన్నులు పెట్టాను.

ఎవరూ రాలేదు.

వాట్సాప్‌లో వచ్చాయి. విజయశ్రీ వాళ్ళ పాపకి జ్వరం. ప్రణవికి రిహార్సల్. పచ్చళ్ళ ఆవిడ వాళ్ళాయనని అడిగి చెప్తుందట. క్రికెట్ ఆయన రెండు చేతుల దండం బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. హాసిని కూడా పెన్ను పట్టుకుని, "పెద్దమ్మా, సృజన్ ఒకసారి చదువుతానన్నాడు" అని మళ్ళీ పెట్టేసింది. మా ఇంటి పిల్ల!

సాయంత్రం కాలింగ్‌బెల్ మోగితే పరుగెత్తుకుని వెళ్ళాను. దామోదర్. హాసిని గ్రైండర్ బాగుచేసి తెచ్చాడు. బజ్జీలు ఎనిమిది తిన్నాడు. "మిర్చి మంచిగున్నయ్, ఉప్పు జర ఎక్కువైంది" అన్నాడు.

మార్చి 31, సోమవారం.

బిజీగా ఉండి ఉంటారు. వచ్చే వారం వస్తారు.

ఏప్రిల్ 2, బుధవారం.

రారు.

ఇవాళ షెడ్డు ముందు కారులో కూర్చుని ఏడ్చాను, కాసేపే. తర్వాత నా మీద నాకే నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళతో వ్యాపారం చేశాను. "ఎంత అద్భుతమైన చోటు!" అన్నవాణ్ణి ఒక్కణ్ణి నమ్మలేదు. పొగిడినవాడు రాడు. మురుగుకాలువ వాసన వేస్తోందని సణిగేవాడు వస్తాడు, ఎందుకంటే వాడు అప్పటికే మనసులో అక్కడ కాపురం పెట్టి చూసుకుంటున్నాడు. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు. మరి ఇక్కడ ఏమైంది?

తెలుగులో చెప్పారు. అంతే. చేతులు పట్టుకుని, ఆంటీ అని, తప్పకుండా అని తెలుగులో చెప్పారు. అంత కమ్మగా ఆ మాటలు విని ఎన్నేళ్ళయిందో. మొహమాటం అనే వస్తువు ఒకటి ఉంటుందనే మర్చిపోయాను. పెద్దావిడ సరదాపడుతుంటే మొహం మీద కాదని ఎవరంటారు? నేనే అనను.

కాదన్నవాడొక్కడే ముందురోజు వెళ్ళి షెడ్డు చూసొచ్చాడు. ఆ సంగతి ఆ రోజే చెప్పాడు. నేను వినలేదు.

ఏప్రిల్ 3, గురువారం.

మన వాళ్ళు కాదని చెప్పలేరు. కానీ వంకలు పెట్టమంటే? పెళ్ళికి పిలిస్తే చాలు, పందిరి దగ్గర్నుంచి పప్పు వరకూ ఏది బాగోలేదో ఇంటికి వెళ్ళే దారంతా చెప్పుకుంటారు. ఆ విద్య ఇంగ్లీషువాళ్ళకి ఎక్కడిది?

గ్రూపులో పెట్టాను. "ఆదివారం షెడ్డులో భోజనం. ఎవరూ ఏ షట్టరూ తీసుకోనక్కర్లేదు, ఏ సంతకమూ లేదు. అక్కడ ఏం బాగోలేదో చెప్పి నాకు సాయం చేయండి."

అయిదు నిమిషాల్లో అందరూ వస్తామన్నారు. నెమలికి కొత్త ఈకలు అంటిస్తున్న హాసిని, "పెద్దమ్మా, నువ్వు మామూలు దానివి కాదు" అంది.

ఏప్రిల్ 6, ఆదివారం.

పులిహోరలో కావాలనే ఉప్పు తగ్గించాను. గొంతులు సవరించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పనిచేసింది. హచిన్స్ ఇచ్చిన పాత చెక్కబల్లల మీద కూర్చుని ముందు పులిహోర సంగతి తేల్చారు. తర్వాత లేచి తిరగడం మొదలుపెట్టారు.

"ఆంటీ, ఏమనుకోకండి. ఈ లైట్లకి నా పట్టుచీరల రంగు చచ్చిపోతుంది" అంది విజయశ్రీ. "నా కస్టమర్లు కార్ ఎక్కడ పార్క్ చేస్తారు? నాకైతే ఆ చివరిది, ఎండ పడేది కావాలి."

"ఈ కాంక్రీట్ మీద పిల్లలు అడుగులేస్తే మోకాళ్ళు పోతాయి. నాకు చెక్క ఫ్లోర్ లేకపోతే కుదరదు" అంది ప్రణవి. వాళ్ళమ్మాయి అవని చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి, "ఇట్స్ ఫైన్ మమ్మీ, ఎకో బాగుంది" అంటే, "నీకేం తెల్సు, నువ్వుండు" అంది.

హాసిని కూడా టేపు తెచ్చి కొలిచింది. "ఈ తలుపు ఎత్తు చాలదు, నా ఏనుగు పట్టదు."

నా షెడ్డుని ఇంతలా తిడుతుంటే నాకు నేల మీద కాళ్ళు ఆనడం లేదు. నా చీరలు, నా పిల్లలు, నా ఏనుగు. వెళ్ళి ఒక్కొక్కళ్ళనీ ముద్దుపెట్టుకోవాలనిపించింది. పచ్చళ్ళ ఆవిడ సింకు ఎక్కడుండాలో చెప్తుంటే పేపర్ ప్లేటు వెనకాల బొమ్మ గీసుకున్నాను.

అప్పుడు దామోదర్‌ని అడిగాను. "మీరేం చెప్పలేదు?"

"నేను ఆ రోజే చెప్పిన. నీళ్ళు, ట్రక్కు, కరెంటు, అన్ని చేసుకోవచ్చు. అసలు ముచ్చట అది కాదు మేడం." అతను చుట్టూ చూశాడు. "మూడేండ్ల లీజంటిరి. నా వీసా మీద ఒక తారీకుంది. జాబ్ పోతె అరవై దినాలల్ల ఇంకోటి దొరకాలె, లేకుంటె దేశం ఇడిచి పోవాలె. అటెన్క నేనెక్కడుంటనో నాకే తెల్వదు. గ్రైండర్లు నా వైఫ్ పేరు మీద నడుస్తున్నయ్, ఆమె వర్క్ పర్మిట్ నా వీసాకి ముడివడి ఉంది. మూడేండ్లకి ఎట్ల సైన్ చెయ్యాలె?"

సృజన్ తల దించుకున్నాడు. విజయశ్రీ నా దగ్గరికి వచ్చి, "అదే ఆంటీ. మీతో ఎలా చెప్పాలో తెలీక పాపకి జ్వరం అని చెప్పాను" అంది. ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు. పదేళ్ళు, పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు. ఇళ్ళు కొన్నారు, ఇక్కడే పిల్లల్ని కన్నారు. ఇంకో మూడేళ్ళు ఉంటామని ఒక్క సంతకం పెట్టలేరు.

లెస్టర్‌లో నా మొదటి అద్దెదారులు గుర్తొచ్చారు. ఉగాండా నుంచి తరిమేస్తే సూట్‌కేసులతో వచ్చిపడిన గుజరాతీలు. వచ్చి పదేళ్ళు దాటినా వాళ్ళకీ రేపంటే నమ్మకం లేదు. వాళ్ళకోసం అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకే ఒక్క పేజీ కాగితం. సులువుగా రా, సులువుగా పో.

"నెల రోజుల ముందు నాకు చెప్పండి. తాళంచెవి ఇచ్చి వెళ్ళండి. ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ ఉండరు. ఇదే నా కాగితం" అన్నాను.

"గంతేనా?" అన్నాడు దామోదర్.

"గంతే."

"మరి నీళ్ళు ముందల ఆగుడు సంగతి?"

ఈ మనిషికి నా ఆస్తి రాసిచ్చేయాలి.

ఏప్రిల్ 9, బుధవారం.

పన్నెండుకి పన్నెండూ నిండాయి! ఇద్దరు వెయిటింగ్‌లో ఉన్నారు. ఏనుగుల కోసం హాసినికి పెద్ద షట్టరు. ప్రణవికి చెక్క నేల. దామోదర్‌కి మూడు ఫేజులు. వంటింట్లో ఒంటరిగా డాన్సు చేశాను. సృజన్ చూశాడు. ఈసారి నిజంగానే మీటింగులో ఉన్నాడు, కెమెరా ఆన్‌లో ఉంది.

ఏప్రిల్ 12, శనివారం.

నీల్ ఒప్పుకోలేదు.

"ఇది లీజ్ కాదు అమ్మా. అందరూ నెక్స్ట్ మంత్ వెళ్ళిపోవచ్చు. దీని మీద ట్రస్ట్ మనీ నేను ఇవ్వలేను. ఫ్యామిలీ అందరి మనీ అది. డీల్ ఏంటి? నిన్ను హర్ట్ చేయాలని కాదు. నువ్వే నాకు నేర్పావ్."

వాడి మీద అరిచాను. పెద్దవాణ్ణి చేసింది ఇందుకేనా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం.

వాడు చెప్పింది సరైనదే. వాడి కుర్చీలో నేనుంటే నేనూ సంతకం పెట్టను.

ఏప్రిల్ 15, మంగళవారం.

షెడ్డుకి వెళ్ళలేదు. కరివేపాకు తెచ్చాను.

ఏప్రిల్ 17, గురువారం.

రేపు హచిన్స్‌కి చెప్పాలి. పొద్దుట్నుంచి లెక్కలు తిరగేస్తున్నాను. ట్రస్టుకి సంబంధం లేకుండా ఈ లోకంలో నా పేరు మీద ఉన్నది ఒక్కటే. లెస్టర్‌లో మా ఇల్లు. పక్కింటి డాక్టరు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాడు, ఆయనకి అప్పు కూడా అక్కర్లేదు.

నీల్ పుట్టిన ఇల్లు. ఆయన పోయిన ఇల్లు. ఇప్పుడు తొమ్మిది గదుల్లో నేనూ, బాయిలరూ ఉంటున్నాం. రాత్రిళ్ళు దాని చప్పుడు నాకు తోడు. నాకు భయంగా ఉంది, అది నిజం. అయినా పన్నెండు షట్టర్లు ఒక్కసారి పైకి లేచే చప్పుడు తలుచుకుంటే గోడ మీది ఆ కోడిపెట్టే రెక్కలు కొట్టుకుని లేచినట్టుంది.

డాక్టరుకి ఫోన్ చేశాను.

ఏప్రిల్ 18, శుక్రవారం.

హచిన్స్‌కి సరేనన్నాను. ఆయన టోపీ తీశాడు.

నీల్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఆ ఇంట్లో నా రూమ్ ఉంది అమ్మా" అన్నాడు. నలభై రెండేళ్ళు వాడికి. వాడికి సొంత ఇల్లుంది, భార్య ఉంది, కుక్క ఉంది. "తెలుసు రా" అన్నాను. పెట్టేశాడు.

ఏప్రిల్ 26, శనివారం.

హచిన్స్ సరేనన్నాడు, అమ్మకం పూర్తి కాకముందే కోడిపెట్టకి రంగు వేయడం మొదలైంది. పసుపు భలే ఉంది. నీల్ ఫోన్ చేయలేదు.

మే 2, శుక్రవారం.

లాయరు వీసా సంగతి చెప్పాడు. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు కాబట్టి, ఇక్కడ పెట్టుబడి పెట్టి వ్యాపారం నడిపేవాళ్ళకిచ్చే వీసా అడగవచ్చట. ఊరికే కొని కూర్చుంటే కుదరదు, నేనే నడపాలి. ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగి విన్నాను. లండన్ వెళ్ళి ఇంటర్వ్యూకి కూర్చోవాలి. ఇండియా పాస్‌పోర్టుకి ఆ వీసా లేదని విని సృజన్, "అత్తయ్యగారూ, మీరు రెండు నెలల క్రితం వచ్చారు, నేను పదకొండేళ్ళ క్రితం వచ్చాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆపైన అతనికి ఇంకో దోసె వేశాను, ఇంకేం చేయాలో తోచలేదు.

మే 9, శుక్రవారం.

నీల్ ఫోన్ చేయలేదు. ఇంట్లో వాడి సామాన్లు వచ్చి తీసుకుపోయాడని డాక్టరు చెప్పాడు.

మే 16, శుక్రవారం.

కొన్నాను. కొన్నాను. కొన్నాను.

పొద్దున లాయరు ఆఫీసులో సంతకాలు. మధ్యాహ్నం తాళంచెవులు. హచిన్స్ షెడ్డు గోడని గుర్రాన్ని తట్టినట్టు ఒకసారి తట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. హాసిని, విజయశ్రీ, ప్రణవి ఒక్కొక్కరుగా వచ్చి వాళ్ళ వాళ్ళ చోట నిలబడి ఏం బాగోలేదో ఇంకోసారి చెప్పి వెళ్ళారు. దామోదర్ షెడ్డు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు పోయే కాలువ వాలు చూస్తున్నాడు. నేను పేపర్లు సర్దుకుంటున్నాను. అప్పుడు తలుపు దగ్గర ఎవరో పొడుగు మనిషి నిలబడ్డట్టనిపించింది.

నీల్. ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. లోపలికి వచ్చి కప్పు వైపు చూశాడు. మడమతో నేల మీద కొట్టాడు. చివరి దాకా నడిచి, తిరిగొచ్చాడు.

"సైన్ చేసేశావా?"

"చేసేశాను."

"ఇల్లు?"

"బుధవారం డాక్టరు గారికి వెళ్ళిపోయింది. నీకు చెప్పే ఉంటాడు."

"యా." చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు రిపోర్టు కార్డు చూపించేటప్పుడు అలాగే నిలబడేవాడు. "వీసా ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు ఎక్కడ ఉంటావ్ అమ్మా?"

నేను ఆలోచించలేదు. పన్నెండు మందికి చోటు చూశాను, నా సంగతి ఆలోచించలేదు. హోటల్లో ఉంటాననబోయాను. వాడి మొహం చూసి మళ్ళీ పేపర్లు సర్దడం మొదలుపెట్టాను.

వాడు టేబులు మీద మిగిలిన ఖాళీ కాగితం ఒకటి లాక్కున్నాడు. నేను అందరికీ ఇచ్చే ఒక్క పేజీ కాగితమే. పెన్ను తీసి నిలబడే నింపాడు. అద్దెదారు అన్నచోట నా పేరు రాశాడు. చోటు అన్నచోట వాళ్ళింటి మేడ మీది గది. అద్దె దగ్గర గీత గీశాడు. తర్వాత కింద, నెల రోజుల ముందు చెప్పి ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు అన్న వాక్యాన్ని రెండుసార్లు కొట్టేశాడు.

"అది కొట్టేశావేం? నా కాగితంలో అసలు సంగతే అది" అన్నాను.

"నాకు ఆ క్లాజ్ నచ్చలేదు." కాగితం నా వైపు తిప్పాడు. "ఇక్కడ ఎంతకాలం కావాలంటే అంతకాలం ఉండు. వచ్చినప్పుడు మాత్రం అక్కడికే రావాలి. సైన్ చెయ్యి అమ్మా."

దామోదర్ కాలువ దగ్గర్నుంచి లేచి, మమ్మల్ని చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

కళ్ళద్దాలు తుడుచుకుని ఆ కాగితం మొత్తం చదివాను. నేనే రాయించిన కాగితం, అయినా ప్రతి మాటా చదివాను.

"గది ఏ వైపు?"

"నార్త్."

"చలి. కిటికీలెన్ని?"

"ఒకటి."

"ఒకటేనా? బాత్రూమ్ కిందుందా? ఈ మోకాళ్ళతో ఎన్నిసార్లు దిగాలి? నీ కుక్క ఆ మెట్ల మీదే పడుకుంటుంది. ఆ కర్టెన్లు కూడా నాకు నచ్చవు, ఆసుపత్రిలా ఉంటాయి."

నీల్ నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వుతున్నాననుకున్నాను, చూస్తే చెంపలు తడిగా ఉన్నాయి. ఉత్తరం గది నాకు సరిపడదని ఇంకో రెండుసార్లు చెప్పి, పెన్ను ఇలా ఇవ్వమన్నాను.